బూడిద గోలీ

తప్పించిందట. గోలీలు తప్పించిందట. తప్పించాలంటే మధ్యలో ఒక సందు ఉండాలి కదా, మనిషికీ గోలీకీ నడుమ మరచిపోవడానికి కావలసినంత చోటు. అంత చోటు తనకు ఎవరిచ్చారు? పొద్దున ముఖం కడుక్కుని తువ్వాలు కోసం చెయ్యి చాపితే, తువ్వాలు కంటే ముందు ఆ చేతిలో గోలీలు పడతాయి. మరచిపోదామన్నా మరవనిచ్చే మనిషి కాడు తన భర్త. అటువంటిది, డాక్టరు సూర్యప్రకాశ్ కంప్యూటర్‌లోంచి తల ఎత్తకుండా ఎంత తేలిగ్గా అనేశాడు ఆ మాట.

కాత్యాయని ఆ మాటను వక్కపలుకులా బుగ్గన పెట్టుకుని అటూ ఇటూ తిప్పుకుంటూ దవాఖాన వరండాలో బల్ల మీద కూర్చుంది. రాయచూరు చుట్టుపక్కల కిడ్నీ మార్పించుకున్నవాళ్ళంతా నెలకోసారి వచ్చే దవాఖాన అది. ఆమె భర్త కిష్టయ్య పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఇక్కడికి వస్తే ఆయన కూర్చోడు. ఎవరైనా దగ్గినా తుమ్మినా ఆమెకు అడ్డం రావడానికి వీలుగా నిలబడే ఉంటాడు.

డాక్టరు చెప్పింది ఒక్క ముక్కలో ఇదీ: ఆమెలో ఉన్న కిడ్నీ దెబ్బతింటోంది. దాన్ని ఒళ్ళు పరాయిదని తోసెయ్యకుండా కాపాడే క్యాప్సూల్ ఒకటి ఉంది, పొద్దునా సాయంత్రం వేసుకునేది. రక్తంలో ఆ మందు ఒక నెల ఆకాశంలో ఉంటోంది, ఒక నెల పాతాళంలో ఉంటోంది. ఎక్కువున్నప్పుడు మోతాదు తగ్గించాడు, తక్కువున్నప్పుడు పెంచాడు. అయినా కుదురు లేదు. అంటే ఆమె కొన్నాళ్ళు మానేసి, భయమేసి కొన్నాళ్ళు ఎక్కువ మింగుతోందని ఆయన లెక్క. ఒళ్ళు కిడ్నీని తోసెయ్యడం మొదలుపెట్టి ఉంటుంది, రేపు పొద్దున చేరితే వరసగా కొన్ని రోజులు పెద్ద సూదులు ఎక్కిస్తామన్నాడు. ఆ సూదులతో ఒంట్లో ఉన్న కాస్త కాపలా కూడా పోతుంది, అప్పుడు రొంప పట్టినా ప్రాణం మీదికే. కానీ వేరే దారి లేదన్నాడు. చివర్న, అలవాటుగా, బయట యాంటిబయాటిక్ ఏమైనా వాడారా అని అడిగాడు.

"లేదు సార్. జ్వరమే రాలేదు," అన్నాడు కిష్టయ్య.

ఆమె కూడా తల ఊపింది. నిజంగానే జ్వరం రాలేదు.

బల్ల మీద ఆమెకు అటుపక్కన దేవదుర్గ నుంచి వచ్చిన హులిగెమ్మ కూర్చుని ఉంది, కొడుకు హంపయ్యను నీళ్ళు తాగమని తిడుతూ. ఆమె తన కిడ్నీ ఒకటి కొడుక్కిచ్చింది. ప్రతి నెలా కనిపించే మనిషే. కన్నడంలో మొదలుపెట్టి తెలుగులోకి వచ్చేస్తుంది, మళ్ళీ ఎప్పుడు పోతుందో తెలియదు. హంపయ్యకు సంబంధం చూస్తున్నారట. పిల్ల తరపువాళ్ళు వచ్చి అబ్బాయికి ఒక్క కిడ్నీయే కదా అని మూతి ముడిచారట. పాత రెండూ తియ్యలేదు, నాదొకటి కలిపి పెట్టిన్రు, మావానికి మూడున్నయి, మీ పిల్లకెన్ని ఉన్నయి అని అడిగిందట హులిగెమ్మ. చెప్పి తనే నవ్వింది. హంపయ్య సిగ్గుతో సీసా ఎత్తి నీళ్ళు తాగాడు.

కాత్యాయని కూడా నవ్వి, మాట కలపడానికి అడిగింది, నీ కిడ్నీ మంచిగ పనిచేస్తున్నదా వానిల అని.

హులిగెమ్మ అర్థం కానట్టు చూసింది. "నాది నా కడుపుల ఉంది గదమ్మా. వానిది వాని కడుపుల ఉంది," అంది.

ఆ మాట కాత్యాయని చెవిలో పడి ఎక్కడో నిలిచింది. తను అలా అనగలదా? అనలేదు. మూడేళ్ళ క్రితం కిష్టయ్య ఆమెకు కిడ్నీ ఇచ్చాడు. ఆ వాక్యం తర్వాత ఇంకో వాక్యం రాదు. ఇంట్లో ఏ మాట ఎక్కడ మొదలైనా వచ్చి అక్కడ ఆగిపోతుంది. ఆయన ఒక్కనాడు కూడా ఎత్తిచూపలేదు. ఎత్తిచూపి ఉంటే కోపమన్నా వచ్చేది, కోపంతో కొంత బరువు దిగేది. వైశ్య సంఘం వాళ్ళు వాసవీ జయంతి నాడు ఆయనకు శాలువా కప్పారు. బజారులో ఆడవాళ్ళు ఇట్లాంటి మొగుడు ఎవరికి దొరుకుతడు అంటుంటే, ఆమె చీర కొంగు సర్దుకుంటూ నవ్వేది. ఆమె కన్నతల్లి వచ్చి, వయసులో చిన్నవాడైన అల్లుడికి రెండు చేతులూ జోడించింది. ఆనాటి నుంచి కాత్యాయనిలో ప్రశ్న అడిగే చోటేదో పూడుకుపోయింది. కుట్లు మానినట్టే అదీ మానింది. తడిమితే గట్టిగా తగులుతుంది, నొప్పి లేదు.

గోలీల పేర్లు కూడా అడగలేదు. మొదట్లో ఒకసారి అడిగింది. "పేర్లెందుకు, నేనున్న గద," అన్నాడాయన నవ్వుతూ. నిజమే కదా. రాయచూరు పాత బజారులో ముప్పై ఏళ్ళుగా మందుల దుకాణం ఆయనది. షీటులోంచి గోలీ ఒత్తి తీస్తే షీటు ఆయన జేబులోకి, గోలీ ఆమె అరచేతిలోకి. ఆమె చూడకుండానే మింగేది. చూస్తే అనుమానించినట్టు ఉంటుందని కాదు. చూడకపోవడంలో ఒక సుఖం ఉంది. కళ్ళు మూసుకుని ఒకరి చెయ్యి పట్టుకుని రోడ్డు దాటే సుఖం అది.

జబ్బు పడకముందు ఆమె కూడా దుకాణంలో కూర్చునేది, మధ్యాహ్నం ఆయన తినడానికి పోయే వేళకు. ఊరి పక్కన యరమరస్‌లో బొగ్గు కరెంటు ఫ్యాక్టరీ నడవడం మొదలైన తర్వాత అక్కడ కూలికి పోయేవాళ్ళు, బూడిద లారీల డ్రైవర్లు దగ్గుకుంటూ వచ్చేవాళ్ళు. "అక్కా, ఒందు బూది సెట్ కొడ్రీ," అని అడిగేవాళ్ళు. బూది సెట్ అంటే బూడిద దగ్గుకు ఇచ్చే మూడు నాలుగు రకాల గోలీల పొట్లం. డాక్టరు చీటీ ఎవరూ తెచ్చేవాళ్ళు కాదు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆమె కత్తెరతో షీటులోంచి ఒక్కో గోలీ కత్తిరించి, కాగితంలో పెట్టి, మడిచి ఇచ్చేది. పేరున్న భాగం ఎప్పుడూ షీటులోనే మిగిలిపోయేది. ఆ పని ఆమెకు బాగా వచ్చు. కత్తెర చప్పుడు ఇప్పటికీ కొన్నిసార్లు నిద్రలో వినిపిస్తుంది.

ఆపరేషన్ తర్వాత ఆయన ఆమెను దుకాణం మెట్టు ఎక్కనివ్వలేదు. జనం మధ్య ఉంటే ఏదో ఒకటి అంటుకుంటుందని. జనాన్ని ఆపగలడు గానీ గాలిని ఎట్లా ఆపుతాడు? అందుకే పొద్దున్నే మిద్దె ఎక్కి, యరమరస్ గొట్టాల పొగ ఎటు వంగిందో చూస్తాడు. పొగ ఊరి వైపు వంగిన రోజుల్లో నీళ్ళ డ్రమ్ము మూత మీద, ఆరేసిన తెల్లబట్టల మీద సన్నటి బూడిద పొర పడుతుంది, వేలితో రాస్తే గీత పడేటంత. ఆ రోజుల్లో మధ్యాహ్నం తిన్నాక మామూలు గోలీలతోపాటు ఇంకొకటి వచ్చేది. పొడుగ్గా, లేత పసుపు రంగులో, నడుమ గీతతో. బూడిద గోలీ అని ఆయనే పేరు పెట్టాడు. బూడిద రొమ్ములోకి దిగకుండా పట్టుకుంటుందన్నాడు. కూలోళ్ళకిచ్చే చవక తెల్ల గోలీ కాదు, మంచి కంపెనీది, నీ కోసమే అద్దాల బీరువాలో పెడుతున్న అన్నాడు. ఆ మాటన్న రోజు ఆమె ఆ గోలీని ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. పసుపు రంగు చూసి, పెళ్ళినాటి బంగారం అరచేతిలో పెట్టినట్టు పిచ్చి సంతోషం వేసింది. తర్వాత మింగేసింది.

"కాత్యాయనమ్మా, లోపలికి రాండ్రి," అని పిలిచింది ప్రజ్ఞ.

ప్రజ్ఞ మందుల చదువు చదివిన అమ్మాయి, రాయచూరు పిల్లే. కిడ్నీ మార్పించుకున్నవాళ్ళకు ఎవరు ఏ యాంటిబయాటిక్ రాస్తున్నారో, ఎందుకు రాస్తున్నారో, అవసరముండి రాస్తున్నారో లేదో కనిపెట్టి చూడడం ఆమె ఉద్యోగం. అందులో సగం ఫోన్లోనే గడుస్తుంది. పల్లెల్లో సూది వేసేవాళ్ళతో, టౌను డాక్టర్లతో, మందుల దుకాణాల వాళ్ళతో మూడు భాషల్లో పోట్లాడుతూ ఉంటుంది. వరండాలో ఆమెకు యాంటిబయాటిక్ పిల్ల అని పేరు.

కిష్టయ్య కూడా వెనకే గుమ్మం దాటాడు. ఆమెకు పేర్లు తెలియవని, ఏది అడగాలన్నా తనను అడగమని చెప్పాడు.

"పేర్లు తెలిసినోళ్ళతోనే నాకు తిప్పలు అంకుల్," అంది ప్రజ్ఞ. "మీరు చాయ్ తాగి రాండ్రి."

ఆయన నవ్వలేదు. కాత్యాయని భుజం మీది కొంగు సర్ది, బయటికి పోయాడు. ఆమెకు ఆ గది ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది. ఆయన లేకుండా ఏ డాక్టరు ముందూ కూర్చున్న గుర్తు లేదు.

ప్రజ్ఞ ఏమీ అడగలేదు. బల్ల సొరుగులోంచి ఒక అట్ట తీసి ముందు పెట్టింది. దాని నిండా గోలీలు అతికించి ఉన్నాయి, షీట్లు లేకుండా, పేర్లు లేకుండా, ఉత్త గోలీలు. గుండ్రటివి, పొడుగువి, తెల్లవి, గులాబీవి. యాంటిబయాటిక్ తిన్నావా అని అడిగితే, నిన్న తిన్నవాళ్ళు కూడా లేదనే చెప్తారట. అబద్ధం కాదు, వాళ్ళకు తెలియదు. ఈ వైపు దుకాణాల్లో కత్తిరించి ఇస్తారు కదా, పేరెట్లా తెలుస్తుంది? అందుకని తనే ఈ అట్ట తయారుచేసిందట. ఈ ఆరు నెలల్లో ఎప్పుడైనా అరచేతిలో చూసినవి ఉంటే వేలు పెట్టి చూపించమంది.

కాత్యాయని అట్ట మీదికి వంగింది. తన క్యాప్సూల్ ఉంది. ఎముకల గోలీ ఉంది. జ్వరం గోలీ ఉంది. వేలు ఒక్కొక్కటి దాటుకుంటూ పోతోంది, చిన్నప్పుడు బడిలో అక్షరాలు దిద్దినట్టు. మూడో వరుసలో ఆగింది.

లేత పసుపు. పొడుగు. నడుమ గీత.

మొదట భయం కాదు, సిగ్గు వేసింది. ఆ గోలీని ఆమె తన అరచేతిలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఇంటి మనిషి పరాయి ఇంటి గుమ్మంలో కనిపిస్తే, పలకరించాలో తల తిప్పుకోవాలో తెలియనట్టు అయింది. ఇది ఇక్కడెందుకుంది? బూడిద గోలీ కదా ఇది. కరెంటు ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో మాత్రమే ఉండవలసిన గోలీ.

"ఇది దేనికి?" అని అడిగింది. గొంతు మామూలుగానే ఉన్నందుకు తనకే ఆశ్చర్యం వేసింది.

"అది యాంటిబయాటిక్ అమ్మా. గట్టిది. వేరేటోళ్ళకు మంచి మందే, మీకు గాదు."

ఎందుకు కాదో ప్రజ్ఞ నిదానంగా చెప్పింది. కిడ్నీని కాపాడే క్యాప్సూల్ ఒంట్లో తన పని చేసి, తర్వాత కరిగి బయటికి పోవాలి. ఈ పసుపు గోలీ దాన్ని పోనివ్వదు. పాత మందు పోదు, కొత్తది వచ్చి పడుతుంది, రక్తంలో పేరుకుపోతుంది. కాపాడవలసిన మందే కిడ్నీని కాలుస్తుంది. పసుపు గోలీ ఆపగానే పేరుకున్నది దిగిపోతుంది. అప్పటికే డాక్టరు క్యాప్సూల్ మోతాదు తగ్గించి ఉంటాడు కాబట్టి, ఈసారి కాపలా చాలదు. ఆపినా చిక్కే, ఇచ్చినా చిక్కే, ఇస్తూ ఆపుతూ ఉంటే మరీ చిక్కు.

"మీ రక్తంల మందు లెవెల్ అచ్చం గట్లనే ఎగిరి దిగుతుంది. అందుకే అడుగుతున్న. ఎవరన్న ఇచ్చిన్రా అమ్మా? ఇది తిన్నందుకే గిట్లయితే, రేపటి సూదుల పని లేదు. గోలీ బంద్ జేసి, క్యాప్సూల్ సరిచేసి కొన్ని దినాలు చూస్తం. అంతే."

కాత్యాయనికి గాలి గుర్తొచ్చింది. ఎండాకాలం చివర్న పొగ రోజూ ఊరి మీదికే వంగింది. డ్రమ్ము మీద బూడిద, రోజూ పసుపు గోలీ, ఆ నెలలోనే డాక్టరు లెవెల్ చూసి ఉలిక్కిపడి క్యాప్సూల్ తగ్గించాడు. వానలు పడ్డాయి, గాలి తిరిగింది, మిద్దె దిగివస్తూ ఆయన ఇవ్వాళ బూడిద లేదు అని సంతోషంగా చెప్పాడు, ఆ నెల లెవెల్ నేలకు పడింది. ఎవరికీ అర్థం కాలేదు. ఆమె రక్తం యరమరస్ పొగ ఎటు వంగితే అటు వంగుతూ వచ్చింది, మూడేళ్ళూ.

అది కూడా కాదు. దాని వెనక ఇంకొకటి ఉంది, అది చాలా మెల్లగా, చీకట్లోంచి మనిషి నడిచివచ్చినట్టు ముందుకు వచ్చింది. తనకు ఇది యాంటిబయాటిక్ అని తెలియదు. ఆయనకు తెలుసు. డాక్టరు అడిగినప్పుడు తను తెలియక తల ఊపింది. ఆయన తెలిసి లేదన్నాడు. గొంతు తడబడలేదు, రెప్ప కూడా వాలలేదు.

"అమ్మా?" అంది ప్రజ్ఞ.

"లేదు బిడ్డా," అంది కాత్యాయని. "రంగు మంచిగుందని అడిగిన."

ప్రజ్ఞ ఆమె ముఖంలోకి చూసింది. నమ్మిందో లేదో తెలియదు. సాయంత్రం లోపు తను చెప్పేదాన్ని బట్టే రేపటి సంగతి డాక్టరు ఖాయం చేస్తాడని, ఏమైనా యాదికొస్తే వచ్చి చెప్పమని, తలుపు తెరిచే ఉంటుందని చెప్పింది. అట్ట మాత్రం సొరుగులో పెట్టలేదు. బల్ల మీదే ఉంచింది.

వరండాలోకి వచ్చేసరికి హులిగెమ్మ, హంపయ్య వెళ్ళిపోయారు. కాత్యాయని అదే చోట కూర్చుంది. ఎందుకు లేదన్నాను అని తనను తాను అడిగింది. జవాబు ఉంది గానీ చూడబుద్ధి కాలేదు. కిడ్నీ ఇచ్చినవాడు అబద్ధం చెప్పాడని, కిడ్నీ తీసుకున్నది ఎవరికి చెప్తుంది? ఏ నోటితో చెప్తుంది? ఆ నోరు ఇంకా ఉన్నది ఆయన వల్లనే కదా. ఒకవేళ అన్నా, వినేవాళ్ళు మొదట అడిగేది అదే. పుట్టింటివాళ్ళు, సంఘం వాళ్ళు, శాలువా కప్పిన చేతులు, అందరూ. గోలీ సంగతి తర్వాత, నీకు ఇచ్చినాయన మీదనే చెప్తున్నవా అంటారు.

కిష్టయ్య చాయ్ తాగి రాలేదు, సీసాలో వేడినీళ్ళు పట్టించుకుని వచ్చాడు. ఏమడిగిందని అడిగాడు. ఏవో గోలీలు చూపించిందని ఆమె చెప్పింది. ఆయన సంచి విప్పి జొన్నరొట్టె, పప్పు తీసి పెట్టాడు. ఆమె తిన్నది. రొట్టెకు రుచి లేదని కూడా తెలియలేదు. తినడం అయ్యాక ఆయన జేబులోంచి షీట్లు తీశాడు, అటు తిరిగి ఒత్తాడు. ఆమె చెయ్యి తనంతట అదే చాపుకుంది, అరచేయి తనంతట అదే తెరుచుకుంది. మూడేళ్ళ అలవాటు. అందులో తెల్లది ఒకటి, చిన్నది ఒకటి, పసుపుది ఒకటి పడ్డాయి.

"పొద్దున చూసిన. గాలి ఇటే తోలుతుంది," అన్నాడు.

ఆమె తెల్లదీ చిన్నదీ మింగింది. పసుపుది అరచేతిలో మిగిలింది.

"ఏమండి, ఇది యాంటిబయాటికా?"

ఆయన సీసా మూత బిగిస్తున్నాడు. పూర్తిగా బిగించి తల ఎత్తాడు. "ఎవరన్నరు?"

"లోపల అట్ట మీద ఉంది."

"ఉంటే?"

"డాక్టర్ సార్ అడిగితే మీరు లేదన్నరు గదా."

ఆయనకు కోపం రాలేదు. వస్తుందని ఆమె ఎదురుచూసింది. ఆయన ఆమె పక్కకు వంగి, తెలియనివాళ్ళకు చెప్పినట్టు, ఓపికగా, చిన్న గొంతుతో చెప్పాడు. "యాంటిబయాటికంటే జ్వరం వచ్చినోళ్ళకిచ్చేది. నీకు జ్వరం రానిచ్చిన్ననా నేను? ఇన్నేండ్లల్ల ఒక్కసారన్న రొంప పట్టనిచ్చిన్ననా? ఈళ్ళకేం ఎరుక బూడిద సంగతి, ఏసీ రూములల్ల కూసుంటరు. ఇయ్యి గిట్ల చెప్తే వద్దంటరు, అందుకే చెప్పలె. నా కిడ్నీ అది. నేను చెడగొట్టుకుంటనా?"

నా చొక్కా అన్నట్టు అన్నాడు. అన్న సంగతి కూడా ఆయనకు తెలియలేదు. సీసా సంచిలో పెట్టుకున్నాడు.

కాత్యాయని చెయ్యి పొత్తికడుపు కుడిపక్కకు పోయింది, కిడ్నీ ఉన్న చోటుకు. కూర్చున్నా పడుకున్నా ఆ చెయ్యి అక్కడికే పోయేది, ఇన్నాళ్ళూ. ఇప్పుడు ఆ చోటు తగలగానే, రైల్లో పొరపాటున పరాయి మనిషి సంచి మీద చెయ్యి వేసినట్టు, వెనక్కి తీసుకుంది. ఇది ఆమెకు ఇచ్చింది కాదు. ఆమె దగ్గర పెట్టింది. ఆయన మిద్దె ఎక్కి గాలి చూడడం, తుమ్మితే అడ్డం రావడం, అద్దాల బీరువాలో మంచి కంపెనీ గోలీలు దాచడం, అన్నీ దాని కోసం. తను దాని చుట్టూ ఉన్న ఒళ్ళు. గదికి తాళం వేసి కాపలా కాసేవాడు గదిని ప్రేమించినట్టు ప్రేమించాడు.

కాదేమో. అంత కఠినంగా ఆలోచించకూడదేమో. ప్రేమకూ కాపలాకూ తేడా ఆయనకే తెలియదేమో, తనకూ ఇవ్వాళ్టిదాకా తెలియలేదు కదా.

ప్రజ్ఞ చెప్పిందంతా ఆమె ఆయనకు చెప్పింది. పసుపు గోలీ క్యాప్సూల్‌ను బయటికి పోనివ్వదని, పేరుకున్న మందు కిడ్నీని కాలుస్తుందని, ఆపితే పడిపోతుందని, లెవెల్ ఎగిరి దిగేది అందుకేనని. చెప్తూ ఆయన ముఖం చూసింది. ముప్పై ఏళ్ళు మందుల మధ్య బతికిన మనిషి, సగం చెప్పేసరికే అర్థమైంది. ముఖంలో రక్తమంతా ఎవరో తోడేసినట్టు పోయింది. ఆయన చెయ్యి కదిలింది. ఆమె వైపు కాదు. తన నడుము ఎడమపక్కకు, కిడ్నీ తీసిన కోత ఉన్న చోటుకు పోయి గట్టిగా అదుముకుంది. అట్లాగే బల్ల మీద కూలబడ్డాడు. ఈ దవాఖానలో ఆయన కూర్చోగా ఆమె చూడడం అదే మొదలు.

"నేనా?" అన్నాడు. "నా చేత్తోనా?"

ఆమెకు జాలేసింది. అంత దడలోనూ జాలేసింది. ఈయన రోజూ మిద్దె ఎక్కేటప్పుడు మోకాళ్ళ నొప్పికి గోడ పట్టుకునేవాడు. ఆ గోడ మీద ఆయన చేతి మరక ఉంది. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచింది. ఈలోపే ఆయన అటూ ఇటూ చూశాడు. చూపు ప్రజ్ఞ గది తలుపు మీద ఆగింది. ఆ చూపులోనే మనిషి మారిపోయాడు.

"పారెయ్ దాన్ని," అన్నాడు. "రేపటి నుంచి ఇయ్య. ఒట్టు. ఆ పిల్లకు మాత్రం చెప్పకు."

"మరి సూదులు?"

"ఎన్ని దినాలు? కొన్ని దినాలే గద. ఓర్చుకో. నేను పక్కనే ఉంట." ఆమె కొంగు సర్దాడు. "ఎవ్వరికి తెల్వద్దు కాత్యాయనీ. కిడ్నీ ఇచ్చిన చేత్తోనే ఖరాబు జేసిండంటరు."

అవసరం లేని సూదులు ఆమె ఒంట్లోకి ఎక్కుతాయి. ఆ తర్వాత రొంప పట్టినా ప్రాణం మీదికే. అది ఆయనకు తెలుసు, ఆమె కంటే బాగా తెలుసు. తెలిసే అంటున్నాడు. శాలువా కప్పిన మనిషిని కాపాడుకోవడానికి ఆమెను ఓర్చుకోమంటున్నాడు.

కానీ ఆమెను నిలువునా కదిలించింది అది కాదు. ఆయన మాట ముగిసేసరికి తన తల మెల్లగా కిందికీ పైకీ ఊగుతోంది. సరే అంటోంది. ఎవరూ ఊపమనలేదు, తను ఊపలేదు, అది ఊగుతోంది. చెయ్యి చాపుకున్నట్టు, అరచేయి తెరుచుకున్నట్టు. కాత్యాయని ఆ ఊగే తలను, ఎదుటి బల్ల మీద ఎవరో పిచ్చిమనిషి కూర్చుని ఊపుతుంటే చూసినట్టు, లోపలినుంచి చూసింది. ఈ తల ఎవరిది? ఇది కూడా ఆయన ఇచ్చిందేనా?

తల ఆగింది.

ఆమె లేచి నిలబడింది. గోలీ ఉన్న పిడికిలి బిగించుకుంది. నాలుగడుగులు వేసిందో లేదో, వెనకనుంచి ఆయన గొంతు, ఎప్పటిలాగే దారి చూపించే గొంతు, వినిపించింది.

"అటు గాదు. బాత్రూం ఇటు."

ఆమె ఆగలేదు, తిరిగి చూడలేదు. ప్రజ్ఞ గది తలుపు తెరిచే ఉంది. లోపల ప్రజ్ఞ ఫోన్లో ఏదో దుకాణం ఆయనతో కన్నడంలో గట్టిగా వాదిస్తోంది. చేత్తోనే కూర్చోమని సైగ చేసింది. కాత్యాయని కూర్చోలేదు. బల్ల దగ్గరికి పోయి పిడికిలి విప్పింది. చెమటకు గోలీ మెత్తబడి అరచేతికి అంటుకుంది. గోటితో గీరి తీసింది, తీసినచోట పసుపు మరక మిగిలింది. అట్ట మీద మూడో వరుసలో పేరు లేని పసుపు గోలీ పక్కన దాన్ని పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుంది.